బంటు మంత్రి కావాలా?

పంచాయతీ ఎన్నికల్లో గెలిచిన స్త్రీల శిక్షణ కోసం ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన పోస్టరు నాలుగు నెలలుగా నా బల్ల ఎదుట గోడకి ఉంది. చదరంగం బల్ల, చివరి గడిలో చీర కట్టిన బంటు, నెత్తిన కిరీటం. కింద పెద్ద అక్షరాలు: 'నిన్న బంటు, నేడు మంత్రి'. వేసినవాళ్ళు మనవాళ్ళే. అందుకే దీనితో పోట్లాడాలనుకుంటున్నాను. మనల్ని వెక్కిరించేవాళ్ళు గీసిన బొమ్మైతే ఇంత ఆలోచించేదాన్ని కాదు.

చదరంగం బాగా ఆడే మా అక్క కూతురు ఆ పోస్టరు చూసి నవ్వింది. "పిన్నీ, ఒక లెక్క పెడతాను చెయ్యి" అని నాలుగే పావులు పెట్టింది. తెల్ల రాజు బి6లో, తెల్ల బంటు సి6లో. నల్ల రాజు ఎ1 మూలన, నల్ల ఏనుగు డి5లో. ఎత్తు తెలుపుది, తెలుపే గెలవాలి.

బంటు సి7కి వెళ్తుంది. ఇంకొక్క అడుగు వేస్తే చివరి గడి. ఏనుగు బంటుని సూటిగా ఆపలేదు కాబట్టి డి6 నుంచి రాజుకి చెక్ చెబుతుంది. రాజు బి7కి పోతే ఏనుగు డి7కి వచ్చి బంటుని కట్టేస్తుంది. సి5కి వస్తే ఏనుగు డి1కి దిగుతుంది, బంటు మంత్రి అయిన మరుక్షణం సి1 నుంచి చెక్ చెప్పి ఆ కొత్త మంత్రిని మింగుతుంది. అందుకని రాజు బి5, బి4, బి3 గళ్ళలోకి ఒక్కొక్క మెట్టూ దిగాలి. ప్రతి మెట్టు దగ్గరా ఏనుగు చెక్ చెబుతూనే ఉంటుంది. రాజు సి2కి చేరేసరికి దాని చెక్కులు అయిపోతాయి. అప్పుడది డి4కి వెళ్ళి కూర్చుంటుంది.

"ఇప్పుడు?" అంది పిల్ల. "ఇంకేముంది, మంత్రి" అన్నాను. సోషియాలజీలో డాక్టరేట్ చేసి, సాధికారత మీద ఇన్నేళ్ళుగా ఉపన్యాసాలిస్తున్న మనిషిని, క్షణం ఆలోచించకుండా అన్నాను. ఏనుగు సి4కి వచ్చి చెక్ చెప్పింది. దాన్ని మంత్రితో చంపకపోతే మంత్రే పోతుంది. చంపితే మూలనున్న నల్ల రాజుకి కదలడానికి గడి లేదు, అతని మీద చెక్కూ లేదు. ఆట డ్రా.

గెలవాలంటే చివరి గడిలో బంటుని ఏనుగు చెయ్యాలి. మరుసటి ఎత్తులో ఎ8 నుంచి కట్టు. అది ఆపడానికి నల్ల ఏనుగు ఎ4కి పరిగెత్తక తప్పదు. అప్పుడు తెల్ల రాజు బి3కి వస్తే ఒకేసారి రెండు ప్రమాదాలు: ఎ4లో ఏనుగు పోతుంది, లేదా సి1లో రాజుకి కట్టు పడుతుంది. రెండూ ఆపడం నలుపు వల్ల కాదు.

ఇది 1875లో లండన్‌లో ఫెంటన్, పాటర్ ఆడిన ఆట నుంచి పుట్టిన లెక్క. కొద్ది మార్పులతో 1895లో గ్లాస్గోలో బార్బియే అనే ఆయన తన పత్రికా శీర్షికలో వేశాడు. ఆయన వేసింది నలుపు డ్రా చేసుకునే లెక్కగా! ఆ ఊళ్ళోనే ఉంటున్న స్పెయిన్ మతగురువు సావేద్రా, ఏనుగు చేస్తే తెలుపు గెలుస్తుందని చూపించాడు. ఈయనేం పేరున్న ఆటగాడు కాదు. అప్పటిదాకా నిపుణులకి ఎందుకు కనిపించలేదు? బంటు చివరికి చేరితే మంత్రి కావాలన్నది ఎవరూ ప్రశ్నించని నియమంలా మనసుల్లో ఉండిపోయింది కాబట్టి. మన పోస్టరు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ మంత్రి సంగతి కూడా ఒక మాట. పర్షియాలో ఆ పావు రాజుగారి సలహాదారు, మగవాడు. మనకీ మంత్రే. ఐరోపాలో అది రాణి అయింది. అయినా చాలాకాలం ఐమూలగా ఒక్క గడే కదిలేది. 15వ శతాబ్దం చివర్లో బల్లంతా తిరిగే బలం వచ్చినప్పుడు ఆ కొత్త ఆటకి ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు 'పిచ్చెక్కిన రాణి' ఆట. అధికారం వచ్చిన ఆడదానికి ఈ బిరుదు ఎక్కడైనా ఒకటే కాబోలు. మన తెలుగులో మాత్రం బంటు పైకెదిగితే మగవాడే అవుతుంది, పోస్టరు మీద చీర కట్టినా సరే!

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. "ఏనుగుతో సరిపెట్టుకోమంటున్నావా? ఆడవాళ్ళకి తక్కువ చాలనే కదా అందరూ అనేది?" కాదు. లెక్క మళ్ళీ చూడండి. ఇక్కడ ఏనుగు తక్కువ పావు కాదు, గెలిపించే పావు అదొక్కటే. నేనడిగేది హోదా పెద్దదా చిన్నదా అని కాదు, ఆ గడిలో నిలబడి ఆమె ఏం చెయ్యగలదు అని. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకిచ్చింది. తర్వాత మన దగ్గర అది సగమైంది. ఇది చిన్న విజయం కాదు, ఎవరూ దానంగా ఇచ్చిందీ కాదు. కానీ గెలిచిన ఎంతోమంది స్త్రీల కుర్చీలో ఇవాళ్టికీ భర్తో, మరిదో కూర్చుంటున్నాడు. తెలంగాణలో 2018 చట్టం చెక్ పవర్‌ని సర్పంచ్‌కీ ఉపసర్పంచ్‌కీ కలిపి ఇచ్చింది. ఆ రెండో సంతకం ఊరి పెద్ద చేతిలో ఉంటే, ఆ దళిత సర్పంచ్ పేరుకి మంత్రి, పనికి డ్రా.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే విషయం. ఎత్తులు లెక్కపెట్టండి. చివరి గడి చేరేదాకా బంటు వేసిన అడుగులు రెండు. రాజు వేసినవి నాలుగు, అవీ బంటుకి దూరంగా, కిందికి. చెక్కులన్నీ రాజు మీదే పడ్డాయి, బంటు మీద ఒక్కటీ పడలేదు. మన విజయగాథల్లో ఎప్పుడైనా ఇలా జరిగిందా? ఫండింగ్ ఏజెన్సీలకి మనం రాసే నివేదికల్లో బంటు ఒక్కతే నడుస్తుంది, ఒక్కతే గెలుస్తుంది. పక్కన ఎవరున్నారు, దెబ్బ ఎవరు కాచుకున్నారు అనే గడి ఆ ఫారంలోనే ఉండదు.

పరిశోధన పని మీద వెళ్ళినప్పుడు ఒక మాజీ సర్పంచ్‌ని కలిశాను. పదవిలో ఉన్నప్పుడు ఆమె ఫోటో ఒక సంస్థ కరపత్రం మీద వచ్చింది. సిమెంటు రోడ్డు బిల్లుల మీద ఆమె చేత సంతకాలు పెట్టించుకున్నది భర్త, కాంట్రాక్టరు. ఆడిట్‌లో అభ్యంతరం వచ్చింది, రికవరీ నోటీసు ఆమె పేరున వచ్చింది. శిక్షణ ఇచ్చిన సంస్థకి ఫోన్ చేస్తే ఆ ప్రాజెక్టు కాలం ముగిసిందన్నారట. "ఫోటో దిగిననాడు పదిమంది ఉన్నరు మేడమ్. నోటీసొచ్చిననాడు నేనొక్కదాన్నే ఉన్న" అంది. ఆ కరపత్రంలో ఆమె గురించిన నాలుగు వాక్యాలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. నోటీసు సంగతి నాకు తెలిసింది రెండేళ్ళ తర్వాత.

పోస్టరు రెండో ముద్రణకి వెళ్తోందనీ, దానితో వచ్చే శిక్షణ పుస్తకానికి ముందుమాట కావాలనీ అడిగారు. రాయనన్నాను. ఆ రెండు పేజీల్లో ఆడిట్ అభ్యంతరం వస్తే ఎవరికి, ఎన్ని రోజుల్లో, ఏ కాగితాలతో జవాబివ్వాలో వెయ్యండి. సంతకానికి ముందు అడిగి చూడాల్సిన రికార్డులేవో వెయ్యండి. నోటీసొస్తే ఆమెతోపాటు మండలాఫీసుకి మన సంస్థ నుంచి ఎవరు నడుస్తారో పేరూ ఫోన్ నంబరూ వెయ్యండి. ఆ మొదటి రెండూ నేను రాసిస్తాను. మూడోదానికి పేరు ఇమ్మని అడిగి నెలైంది.