చదువుతుంటే సాయం ఆగదు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక ప్రభుత్వం సంగతి చెప్పేదేముంది? అడిగినవారికే ఇస్తుంది, అదీ కాగితాలు సరిగా ఉంటేనే. వైకల్యం ఉన్న పిల్లలు గల మన కుటుంబాల్లో చాలామంది అడగడానికే వెనకాడుతున్నారు. 'కాలేజీలో చేరితే పింఛను తీసేస్తారట' అన్నది ఒక భయం. 'నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావు' అన్నది రెండోది.

మొదటి భయం సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛనుకు వయసు 18 నుంచి 79 లోపు ఉండాలి. వైకల్యం 80 శాతం లేదా అంతకు మించి ఉండాలి. కుటుంబం దారిద్ర్య రేఖకు దిగువన ఉండాలి. చదువుకోకూడదన్న షరతు లేదు. రాష్ట్రాల పింఛన్లకు వేరే నియమాలుంటాయి కనుక తాలూకా ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. రాష్ట్ర పింఛను మీరు నివాసముంటున్న రాష్ట్రంలోనే అడగాలి. సొంతూరు ఆంధ్రాలో ఉందని అక్కడ అడిగితే రాదు.

పైగా చదువుకుంటేనే వచ్చే సాయాలున్నాయి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా, తల్లిదండ్రుల వార్షికాదాయం రెండున్నర లక్షలకు మించకుండా ఉంటే 9, 10 తరగతులకు ఒక కేంద్ర స్కాలర్‌షిప్, 11వ తరగతి నుంచి పీజీ దాకా మరొకటి ఉన్నాయి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఇది తీసుకుంటూ ఇంకో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ళ సడలింపు కూడా ఉన్నాయి.

అన్నిటికీ మూలం వైకల్య సర్టిఫికెట్, యు.డి.ఐ.డి. కార్డు. ఇది మనలాంటి వాళ్ళకు ముఖ్యమైన విషయం: ఆ సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది. బళ్ళారిలో తీసుకున్నది హైదరాబాదులోనూ, యానాంలో తీసుకున్నది కాకినాడలోనూ పనికొస్తుంది.

ఇక మా కౌంటరు దగ్గర కనిపించే చిక్కులు రెండు. మొదటిది పేరు. మనకు ఇంటిపేరు ముందు. తమిళనాడు బడిలో తండ్రి పేరు ఇనిషియల్ అవుతుంది. మహారాష్ట్రలో తండ్రి పేరు మధ్యకు, ఇంటిపేరు చివరకు పోతాయి. ఒకే పిల్ల మూడు కాగితాల్లో ముగ్గురవుతుంది. దరఖాస్తుకు ముందే ఆధార్, మార్కుల జాబితా, పాస్‌పుస్తకం, యు.డి.ఐ.డి. నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి.

రెండోది ఖాతా. ఆధార్ ద్వారా వచ్చే డబ్బు చివరిసారిగా ఏ ఖాతాకు ఆధార్ అనుసంధానం చేశారో అందులోనే పడుతుంది. మా బ్రాంచికి వచ్చే ఒకాయన కూతురి స్కాలర్‌షిప్ రాలేదని ఏడాది తిరిగారు. తీరా చూస్తే, సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో తెరిచిన ఖాతాలో భద్రంగా పడి ఉంది. ఖాతా పిల్లల పేరునే ఉండాలి, ఏది అనుసంధానమైందో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి.

రెండో భయానికి నా దగ్గర లెక్క ఒకటే. సర్టిఫికెట్ దాచిపెడితే లోపం పోదు, హక్కు పోతుంది. చెయ్యి సరిగా ఆడని పిల్లవాడికి పరీక్షలో రాసిపెట్టే మనిషిని, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్ని ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. వైకల్యం 40 శాతం లేదన్న కారణంతో రాసే మనిషిని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పింది. కానీ సమస్య ఉందని బడికి చెప్పనివాడికి ఇవన్నీ ఎవరిస్తారు? వాడు మూడు గంటల్లో రాయగలిగినంత రాసి, తక్కువ మార్కులతో బయటికొస్తాడు. మనం 'చదువు అబ్బలేదు' అంటాం.

పెళ్ళిచూపుల నాటికి దాచిన లోపం ఎలాగూ బయటపడుతుంది. చేతిలో డిగ్రీ, ఉద్యోగం ఉన్న ఆడపిల్లను అడగడానికి వచ్చేవాళ్ళు వేరుగా ఉంటారు. ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లలుంటే ఈ వేసవిలోనే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

వచ్చే సంచికలో విద్యా రుణాల గురించి.