ఐదున్నర గంటల తేడా ఎక్కడిది?

ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్ రెండింటినీ ఉంచుకొని అవసరాన్నిబట్టి మార్చి వాడుకునే మిత్రులకు ఒక చిక్కు తరచు ఎదురవుతుంది. ఒకదానిలో పని ముగించి రెండవదాన్ని తెరవగానే తెరమీది గడియారం తప్పు వేళ చూపుతుంది. బ్యాటరీ అయిపోయిందని భావించి కొత్తది వేయించినా తేడా పోదు.

ముందుగా గమనించవలసినది తేడా ఎంత అన్నది. మదర్‌బోర్డు మీది మూడు వోల్టుల బ్యాటరీ నీరసిస్తే సాధారణంగా వేళతోపాటు తేదీ కూడ ఏళ్ళ తరబడి వెనక్కు పోతుంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే దోషం బ్యాటరీది కాదు. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించే భారత ప్రామాణిక కాలం, యూటీసీ అనే అంతర్జాతీయ కాలానికి అంతే ముందుంటుంది.

కంప్యూటరు ఆపివేసినా నడిచే చిన్న గడియారం 1984 నాటి ఐ.బి.ఎం. పీసీ-ఏటీ నుండి మదర్‌బోర్డు మీదే ఉంటున్నది. అందులో ఉండేవి అంకెలే. అవి ఏ ప్రాంతపు కాలమో తెలిపే గుర్తు ఉండదు. విండోస్ వాటిని స్థానిక కాలంగా గ్రహిస్తుంది. లినక్స్ సాధారణంగా యూటీసీగా గ్రహిస్తుంది. ఉదయం 10 గంటలకు విండోస్ అందులో 10 అని ఉంచితే, లినక్స్ ఐదున్నర కలిపి మధ్యాహ్నం 3.30 అని చూపుతుంది. ఇంటర్నెట్ ద్వారా సరిచూసుకొని లినక్స్ అందులో 4.30 అని వ్రాస్తే, పిమ్మట తెరిచిన విండోస్ తెల్లవారుజాము 4.30 అంటుంది. చేతితో దిద్దినకొద్దీ తప్పు అటునుండి ఇటు మారుతుందే గాని తొలగదు.

పరిష్కారం ఒక్కవైపే చేయాలి; రెండువైపులా చేస్తే తేడా తలక్రిందులై మళ్ళీ వస్తుంది. సులభమార్గం లినక్స్‌లో ఉన్నది. ఉబుంటు, ఫెడోరా వంటి వాటిలో టెర్మినల్ తెరిచి ‘సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అన్న ఆదేశమిస్తే లినక్స్ కూడ స్థానిక కాలాన్నే పాటిస్తుంది. వేసవిలో గడియారాలు మార్చే పద్ధతి మన దేశంలో లేదు కనుక ఇక్కడ దీనితో ఇబ్బంది ఉండదు. అటువంటి దేశాలకు కంప్యూటరు తీసుకొనిపోయేవారు విండోస్ రిజిస్ట్రీలోని టైమ్‌జోన్ ఇన్ఫర్మేషన్ విభాగంలో ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అనే డీవర్డ్ విలువను 1గా చేర్చుకొనుట మేలు. కార్యాలయపు యంత్రాలలో ఈ మార్పునకు కంప్యూటర్ విభాగపు అనుమతి తప్పనిసరి.

ఇది చిన్న విషయమని ఉపేక్షించరాదు. సబ్‌స్టేషన్లలో రిలేలకు ల్యాప్‌టాప్ కలిపినప్పుడు, ల్యాప్‌టాప్ సమయాన్నే రిలేకు అందించే సౌకర్యం పలు సాఫ్ట్‌వేర్లలో ఉన్నది. ల్యాప్‌టాప్‌లోని తప్పు ఆ ఒక్క మీటతో రిలేలోనికి ప్రవేశిస్తుంది. తరువాత ట్రిప్పింగు జరిగితే ఏ రిలే ముందు స్పందించినది, ఏ బ్రేకరు పిమ్మట తెరుచుకొన్నది అన్న విచారణ అంతా తారుమారవుతుంది. కావున మార్పు చేసిన పిదప విండోస్‌నూ, లినక్స్‌నూ ఒక్కొక్కసారి తెరిచి చేతిగడియారంతో సరిచూసుకోవాలి. ఆ తరువాతనే ల్యాప్‌టాప్‌ను రిలేకు కలపాలి.