కాలికి తగ్గ బూటా? బూటుకు తగ్గ కాలా?



మన యూనియన్ సంచికలో నిరుద్యోగం మీద, దేశసమస్యల మీద వ్యాసాలు ఏటా వస్తూనే ఉంటాయి. వాటి మధ్య ఈ బూట్ల గోలేమిటని నవ్వుకోకండి. పరుగెత్తేవాడికి ఇంతకన్నా పెద్ద సమస్య లేదు.

నేను పల్లెటూరివాణ్ణి. కాలవగట్టు మీదా, దుక్కిచేలల్లోనూ చెప్పుల్లేకుండా పెరిగాను. అలా పెరిగిన పాదం ముందువైపు చేటలా పరుచుకుంటుంది. మొదటి సంవత్సరంలో అంతర కళాశాలల పోటీలకు ఎంపికైనప్పుడు, ఆరు, ఏడు, ఎనిమిది సైజుల్లో డజను జతలు తెప్పించి, ఎవరికి పట్టినవి వాళ్లు తీసుకోమన్నారు. నా పాదం పొడవు ఏడే. కాని ఏడో నంబరులో వేళ్లు ఒకదానిమీదొకటి ఎక్కాయి.

"వేళ్లు నొక్కేస్తున్నాయండీ" అన్నాను.

"వాడగా వాడగా అదే సాగుతుందోయ్. లేకపోతే ఎనిమిది తీసుకో" అన్నారు ఫిజికల్ డైరెక్టరుగారు. ఆయన తప్పేమీ లేదు. గ్రాంటు అంతే, పద్ధతీ అంతే.

ఎనిమిదే తీసుకున్నాను. వెడల్పులో ఎలాగో ఇరుక్కున్నాను గాని, పొడవు మిగిలిపోయింది. అయిదువేల మీటర్లంటే ట్రాకు చుట్టూ పన్నెండున్నర చుట్లు. అడుగడుక్కీ పాదం ముందుకు జారి, బొటనవేలు బూటు ముక్కుకి కొట్టుకుంది. మడమ దగ్గర చర్మం లేచిపోయింది. ఎనిమిదో చుట్టుదాకా మూడోస్థానంలో ఉన్నవాణ్ణి, పదో చుట్టులో ట్రాకు పక్కన కూలబడ్డాను. బూటు విప్పితే మేజోడు ఎర్రగా తడిసి ఉంది. బొటనవేలి గోరు నల్లబడి, తర్వాత ఊడిపోయింది. "పాపం, బూట్లు అలవాటు లేని కుర్రాడు" అని అందరూ జాలిపడ్డారు. తప్పు నా కాలిదేనని నేనూ నమ్మాను.

ఆ నమ్మకం పోగొట్టినవాడు గేటు పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన. బూట్లు కాస్త సాగదీసి పెట్టమని వెళితే, కాగితం పరిచి నిలబడమన్నాడు. "కూర్చుంటే లాభంలేదు బాబూ, బరువు పడితేగాని పాదం సంగతి తెలీదు" అంటూ పెన్సిలుతో చుట్టూ గీశాడు. ఆ గీతమీద నా ఎనిమిదో నంబరు బూటు పెట్టి చూపించాడు. ముందు రెండువేళ్ల జాగా మిగిలింది. పక్కల మాత్రం గీత బూటు అంచు దాటి బయటికి ఉంది!

అప్పటినుంచి ఈ సంగతులు చదవడం మొదలుపెట్టాను. మనం వాడే సైజు నంబర్లు ఇంగ్లండువారివి. ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడోవంతు, అంటే ఒక బార్లీగింజ పొడవన్నమాట. ఆ నంబరు చెప్పేది పొడవు ఒక్కటే. వెడల్పు ఊసే అందులో లేదు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షకు పైగా మంది పాదాలు కొలిపించింది. మనవాళ్ల పాదాలు వెడల్పు ఎక్కువనీ, దొరికే బూట్లు ఇరుకనీ, అందుకే చాలామంది పొడుగు సైజు తొడుగుతున్నారనీ తేల్చింది. అంటే నా కాలేమీ ఉలిపికట్టె కాదు!

"అబెబె బికిలా 1960 రోము ఒలింపిక్సులో వట్టికాళ్లతోనే మారథాన్ గెలవలేదా?" అని కొందరు వాదిస్తారు. గెలిచాడు. కాని సరిపోయే జత దొరకకపోబట్టే ఆయన అలా పరుగెత్తాడు. 1964లో టోకియోలో బూట్లు తొడుక్కునే మళ్లీ గెలిచాడు. మన స్వప్నా బర్మన్‌కు ఒక్కో పాదానికి ఆరేసి వేళ్లు. ఇరుకు బూట్ల బాధ ఓర్చుకుంటూనే 2018 జకార్తా ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ స్వర్ణం తెచ్చింది. ఆమె పాదాలకు సరిపడా బూట్లు ఆడిడాస్ కంపెనీ తయారుచేసి ఇచ్చింది ఆ స్వర్ణం వచ్చాకే. గెలిచినవాళ్ల కాలు కొలుస్తారు సరే, గెలవాల్సినవాళ్ల కాలు ఎవరు కొలుస్తారు?

నేను ఖరీదైన బూట్లు అడగడం లేదు. ఇండెంటు పంపేముందు ప్రతి క్రీడాకారుడి పాదాలు కాగితం మీద గీయించండి. పొద్దస్తమానం తిరిగిన పాదం కాస్త ఉబ్బుతుంది గనుక సాయంత్రం పూట, నిలబెట్టి, రెండు కాళ్లూ కొలవండి. పెద్ద కాలికి తగిన జత తెప్పించండి. పందెంలో వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. పొడుగు వేలి ముందు బొటనవేలి మందం జాగా ఉండాలి, పక్కలు నొక్కకూడదు, మడమ లేవకూడదు. పందెంనాటి ఉదయం గాక, కనీసం రెండువారాల ముందే చేతికివ్వాలి.

ఆడపిల్లల విషయం మరీ అన్యాయం. మగవాళ్ల బూట్లలో చిన్న సైజు వాళ్ల చేతిలో పెడుతున్నారు. కిందటేడు మా క్లాసు అమ్మాయి ముక్కులో దూది కుక్కుకుని వందమీటర్లు పరుగెత్తింది.

డబ్బు లేదనకండి. ఎవరికీ పట్టని అయిదు జతలు స్టోరురూములో ఇంకా మూలుగుతున్నాయి. కాగితానికీ పెన్సిలుకూ అంతకన్నా ఖర్చవుతుందా?

ఇల్లలకగానే పండగ కాదు, బూట్లివ్వగానే బాధ్యత తీరదు. రాబోయే కార్యవర్గం తన మొదటి సమావేశంలోనే ఈ తీర్మానం చేస్తుందని ఆశిస్తూ, సెలవు.

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి