నాడి పట్టి చూస్తే: పది సెంట్ల పుస్తకాల జబ్బు

ఈ శీర్షికలో ఇంతవరకూ రక్తపోటు గురించి, చక్కెర వ్యాధి గురించి, ఆవకాయలో ఉప్పు గురించి రాస్తూ వచ్చాం. ఈ నెల మా రోగి కాగితం. మా ఇంటికి వచ్చిన మిత్రులు వెనకగదిలో పెట్టెలు చూసి ఒకే ప్రశ్న వేస్తున్నారు: "డాక్టరుగారూ, ఈ పిల్లల బొమ్మల పుస్తకాలూ, ఈ చిరిగిన డిటెక్టివ్ పత్రికలూ మీకెందుకండీ?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తే కాఫీ పొడి కలిసొస్తుందని మా ఇంటావిడ సలహా.

ముందు ఆ చిరిగిన పత్రికల సంగతి. ఈ దేశంలో ఫ్రాంక్ మున్సీ అనే ప్రచురణకర్త ఉండేవాడు. 1896లో ఆయన తన 'ఆర్గొసీ'ని పూర్తిగా కథల పత్రికగా మార్చి, అతి చౌక కాగితం మీద అచ్చు వేయించాడు. కొయ్యను నూరిన గుజ్జుతో తయారయ్యే కాగితం అది. గుజ్జును పల్ప్ అంటారు గనక ఆ జాతి పత్రికలన్నిటికీ పల్ప్ పత్రికలనే పేరు స్థిరపడింది. వెల పది సెంట్లు. పైన కళ్ళు చెదిరే రంగుల అట్ట, లోపల అంచులు కూడా సరిగా కత్తిరించని వందకు పైగా పుటలు. డిటెక్టివ్ కథలకొకటి, కౌబాయ్ కథలకొకటి, ప్రేమకథలకొకటి, విమానాల కథలకొకటి. చాలా పత్రికలు రచయితకు మాటకు ఒక సెంటు లెక్కన ఇచ్చేవి.

చదివి రైల్లో వదిలేసే సరుకు అనుకున్నారు అప్పట్లో. కాని 1920లో మొదలైన 'బ్లాక్ మాస్క్'లోనే డాషియల్ హామెట్ 'మాల్టీస్ ఫాల్కన్' 1929-30లో ధారావాహికగా వచ్చింది. రేమండ్ చాండ్లర్ మొదటి డిటెక్టివ్ కథ 1933లో అందులోనే పడింది. లవ్‌క్రాఫ్ట్ భయానక కథలు 1923లో పుట్టిన 'వియర్డ్ టేల్స్'లో వచ్చాయి. హ్యూగో గెర్న్స్‌బాక్ 1926లో పెట్టిన 'అమేజింగ్ స్టోరీస్' కేవలం సైన్స్ కథలకే నడిచింది. ఇవాళ కాలేజీల్లో పాఠం చెప్పే కథలు మొదట ఈ పది, ఇరవై సెంట్ల కాగితం మీదే కనిపించాయి.

ఇక రోగ నిదానం. కొయ్యలో సెల్యులోజుతోపాటు లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. మంచి కాగితం చేసేటప్పుడు దాన్ని చాలావరకు తీసేస్తారు. చౌక కాగితంలో అలాగే ఉంచేస్తారు. వెలుతురు, గాలి తగిలితే లిగ్నిన్ పచ్చబడి, గోధుమరంగుకు తిరిగి, ఆమ్లాలను పుట్టిస్తుంది. సిరా పీల్చుకోకుండా కాగితానికి పట్టించే పటిక కూడా ఆమ్లాన్నే పెంచుతుంది. ఆ ఆమ్లం సెల్యులోజు పోగులను ముక్కలుగా కోస్తుంది. జబ్బు బయటినుంచి లోపలికి నడుస్తుంది: ముందు అంచులు గోధుమరంగు, తరువాత పెళుసుదనం, చివరికి పుట తిప్పితే వేలి కింద అప్పడంలా విరగడం. పాత గుడ్డపీలికలతో చేసిన కాగితం మీద అచ్చయిన రెండు మూడు వందల ఏళ్ళనాటి పుస్తకం ఇవాళ్టికీ తెల్లగా ఉంటుంది. దీనికి మాత్రం పుట్టుకతోనే జబ్బు. నయం చేయలేము, నెమ్మదింపజేయగలం. మా వృత్తిలో ఇలాంటి రోగులు మాకు కొత్త కాదు.

కామిక్ పుస్తకాలదీ అదే కాగితం, అదే జబ్బు. సేకరించేవాళ్ళు 1938 నుంచి 1950ల తొలి సంవత్సరాల దాకా స్వర్ణయుగం అంటారు. సూపర్‌మన్ మొదటిసారి కనిపించిన 'యాక్షన్ కామిక్స్' 1వ సంచిక అట్ట మీద 1938 జూన్ అని ఉంటుంది. రాసినవాడు జెర్రీ సీగెల్, బొమ్మలు వేసినవాడు జో షూస్టర్. ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. ఆ కథకూ, పాత్ర మీది హక్కులన్నిటికీ కలిపి వారికి ముట్టింది 130 డాలర్లు.

మన పాఠకులకు నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఈ ఇద్దరూ క్లీవ్‌లాండ్‌లో చదువుకునే రోజుల్లో 'సైన్స్ ఫిక్షన్' అనే చిన్న పత్రిక నడుపుకున్నారు. 1933 జనవరి సంచికలో సూపర్‌మన్ అనే పేరుతో వారి తొలి కథ వచ్చింది. అందులో అతడు దుర్మార్గుడు. ఆ పత్రిక ప్రెస్సులో అచ్చయినది కాదు. మన పత్రికలాగే స్టెన్సిలు తయారుచేసి సైక్లోస్టైలు తీసినది. కాబట్టి వేళ్ళకు సిరా అంటించుకునే మన కార్యదర్శిగారు నిరుత్సాహపడనక్కరలేదు.

'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక రెండు లక్షల ప్రతులు వేశారు. ఇవాళ మిగిలినవి సుమారు వంద అని సేకర్తల అంచనా. 2024లో ఒక ప్రతి వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. మిగతావన్నీ ఏమయ్యాయి? కొన్ని పిల్లల చేతుల్లో నలిగిపోయాయి. కొన్ని అమ్మలు ఇల్లు దులిపిన రోజున పోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో దేశం కోసం పాత కాగితం ఇవ్వండని ఉద్యమం నడిపితే పిల్లలే బండ్లకెత్తి ఇచ్చేశారు. 1948లో కొన్ని ఊళ్ళలో బడిపిల్లల చేతనే కామిక్ పుస్తకాలను పోగుపోయించి తగలబెట్టించారు.

ఈ మంటకు ఆజ్యం పోసినవారిలో ముఖ్యుడు ఒక డాక్టరు. అందుకే ఈ కథ మాకు దగ్గరగా తగులుతుంది. ఫ్రెడ్రిక్ వెర్థం జర్మనీలో పుట్టాడు. 1921లో వ్యూర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పుచ్చుకుని, మరుసటి ఏడు ఈ దేశానికి వచ్చి మానసిక వైద్యుడయ్యాడు. సొంత దేశపు పట్టాతో పరాయి దేశంలో వైద్యం మొదలుపెట్టడమంటే ఏమిటో మాకు తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు. 1946లో హార్లెంలో, ఒక చర్చి కింది అంతస్తులో, నల్లజాతి పేదలకోసం లాఫార్గ్ క్లినిక్ తెరిచాడు. ఫీజు పాతిక సెంట్లు; లేనివాళ్ళు అదీ ఇవ్వక్కరలేదు. జాతుల వారీగా బడులు వేరుచేస్తే పిల్లల మనసులు ఎలా దెబ్బతింటాయో డెలావేర్ కోర్టులో ఆయన చెప్పిన సాక్ష్యం 1954 నాటి సుప్రసిద్ధమైన సుప్రీంకోర్టు తీర్పుకు దారితీసిన కేసుల్లో ఒకదానిది.

ఆ 1954లోనే ఆయన 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నొసెంట్' అనే పుస్తకం రాశాడు. పిల్లలు నేరాలవైపు పోవడానికి కామిక్ పుస్తకాలు ఒక పెద్ద కారణమని అందులో వాదించాడు. తన దగ్గరకు వచ్చిన పిల్లల కేసులనే రుజువుగా చూపాడు. ఆ ఏడు ఏప్రిల్‌లో న్యూయార్కులో సెనేటు ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చాడు. కొద్ది నెలల్లోనే ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ఒక కోడ్ పెట్టుకున్నారు. అనేక పత్రికలు మూతపడ్డాయి, ఎందరో చిత్రకారులు పని పోగొట్టుకున్నారు. ఆ కోడ్ 2011 దాకా ఏదో ఒక రూపంలో బతికే ఉంది.

వెర్థం 1981లో చనిపోయాడు. ఆయన కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 2010లో పరిశోధకులకు తెరిచారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన కెరొల్ టిల్లీ ఆ పెట్టెలు తీసి, ఆయన నోట్సునూ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చదివి 2012లో ఒక వ్యాసం ప్రచురించింది. పిల్లల వయసులు మార్చాడట. ఒకరి మాటలు ఇద్దరికి పంచాడట. తోటి వైద్యులు చూసిన పిల్లలను తాను చూసినట్టు రాశాడట. బడి ఎగ్గొట్టే పదమూడేళ్ళ అమ్మాయి కామిక్‌ల వల్ల చెడిందన్నట్టు రాసి, ఆ పిల్లకు చదవడం సరిగా రాదనీ, ముఠాలో ఉండేదనీ, ఇల్లు విడిచి పారిపోయిందనీ తన దగ్గరే ఉన్న సంగతులు వదిలేశాడట.

రోగి చరిత్ర రాసుకునే చేతికి ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. పిల్లల మీద ఆయనకు ప్రేమ ఉంది, మంచి ఉద్దేశం ఉంది. కాని ముందు రోగం పేరు రాసుకుని, తరువాత లక్షణాలను దానికి సరిపోయేట్టు దిద్దుకున్నాడు. మా పెట్టెల్లో ఉన్న ఆ కాలపు నేరకథల కామిక్‌లు చదివితే కొన్ని నిజంగా క్రూరమైనవే. మా పిల్లలకు మేమూ ఇవ్వం. ఆ మాట నిజంగానే చెప్పవచ్చు. దానికి కేసు షీటు దిద్దనక్కరలేదు.

ఈ కథలో చివరి మలుపు విచిత్రమైనది. 1973లో వెర్థం మరో పుస్తకం రాశాడు, 'ది వరల్డ్ ఆఫ్ ఫ్యాన్‌జీన్స్' అని. సైన్స్ కథలనూ కామిక్‌లనూ అభిమానించేవాళ్ళు ఇళ్ళలో కూర్చుని సైక్లోస్టైలు తీసి పంచుకునే చిన్న పత్రికల గురించి అది. లాభం లేకుండా, ఇష్టం కొద్దీ నడిచే ఆ పత్రికలను మెచ్చుకుంటూ రాశాడు.

ఆ అభిమానులు లేకపోతే ఇవాళ ఈ పుస్తకాలే లేవు. ఉదాహరణకు డెన్వర్ నగరంలో ఎడ్గార్ చర్చ్ అని ప్రకటనల బొమ్మలు వేసే చిత్రకారుడు ఉండేవాడు. తన పనికి పనికొస్తాయని ఏళ్ళ తరబడి కామిక్‌లు కొని ఇంట్లో దొంతర్లు పెట్టాడు. 1977లో అవి బయటపడ్డాయి. పద్దెనిమిది వేలకు పైనే, అనేకం నిన్న కొన్నట్టు ఉన్నాయి. రహస్యం ఏమీ లేదు: పొడి వాతావరణం, చీకటి, గాలి చొరబడని బిగుతైన దొంతర.

ఇక మందుల చీటీ. ఒకటి, అటక మీదా నేలమాళిగలోనూ పెట్టకండి; మనం పడుకునే గదిలో మనకు హాయిగా ఉన్నచోటే కాగితానికీ హాయి. రెండు, ఎండా ట్యూబులైటూ తగలనివ్వకండి. మూడు, వినైలు సంచులు వద్దు. పాలియెస్టరు తొడుగు, వెనక ఆమ్లం లేని అట్ట పెట్టండి. నాలుగు, చిరిగిన పుటకు అంటు టేపు వేయకండి. చిరుగు అలాగే ఉంటుంది, మచ్చ ముదురుతుంది. ఐదు, చేతులు కడుక్కుని, పుస్తకం బల్లమీద పరచి చదవండి.

చదవండి అనే మాట గట్టిగానే అంటున్నాం. 2000 నుంచి పుస్తకానికి పదికి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇచ్చే వ్యాపారం వచ్చింది. షేర్లలా చేతులు మారుతుంటాయి. మేము అలాంటివి కొనం. అట్ట ఊడినదీ, ఎవరో పిల్లవాడు పెన్సిలుతో పేరు రాసుకున్నదీ, పది ఇరవై డాలర్లకు దొరికే పల్ప్ పత్రికే మా స్థోమతకూ, మా సరదాకూ సరిపోతుంది.

మిత్రులకు మా జవాబు ఇదే: అక్కరలేదని పెద్దలు అనుకున్నదాన్ని ఎవరో ఒకరు దాచబట్టే, డాక్టరు చెప్పింది నిజమో కాదో ఇవాళ మనం ఆ పుటలు తిప్పి చూసుకోగలుగుతున్నాం.

ఇదే కాగితం మన ఊళ్ళలోనూ ఉంది, ఇంకా కష్టమైన ఎండలో, ఉక్కలో, చెదల మధ్య. 1947 జూలైలో మొదలైన 'చందమామ' తొలి సంపుటాలు, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు, అద్దె పుస్తకాల షాపులో చేతులు మారి అట్టలు పోయిన వారపత్రికలు, వీటన్నిటిదీ ఇదే జబ్బు. 1918లో వెలిసిన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు చేతనైనంత కాపాడుతున్నాయి. అన్నీ వాళ్ళే కాపాడలేరు. ఈ వేసవిలో ఇండియా వెళ్ళేవాళ్ళు నాయనమ్మగారి ట్రంకుపెట్టె ఒకసారి తెరవండి. పాత పేపర్లవాడు తూకానికి అడిగితే, ఇచ్చేముందు ప్రతి కట్టా విప్పి చూడండి. ఒకసారి పల్లీల పొట్లం అయిపోయాక మా దగ్గర దానికి మందు లేదు.