నేను పీకేసిన గులాబీ



పోయిన టపాలో గులాబీని గూర్చి నేనొక వాక్యం వ్రాస్తే, "మాస్టారూ, ఇప్పటి గులాబీలకు వాసన ఎక్కడిదండీ? అది వట్టి కవిసమయం" అని ఒక మిత్రుడు వ్యాఖ్యలో చమత్కరించాడు. అక్కడే రెండు ముక్కలలో జవాబు చెప్పబోయాను. అది పెరిగి పెరిగి ఈ టపా అయింది. నా పక్షం ముందే చెప్పేస్తాను. వాసన లేని పువ్వును గులాబీ అనడం నాకు సమ్మతం కాదు. పెరట్లో ఒక్క మొక్కకే చోటున్నవారు అంగడిలో మెరిసే అంటుమొక్కను కాక, వాసనగల పాత గులాబీరంగు గుబురుమొక్కనే పెట్టుకోవాలని నా అభిప్రాయం. ఈ మాట చెప్పే అర్హత నాకు పుణ్యం వలన రాలేదు, చేసిన తప్పు వలన వచ్చింది. ఆ కథ తరువాత.

తెలుగు పండితుణ్ణి కనుక మాటతోనే మొదలుపెడతాను. పారశీకంలో 'గుల్' అంటే పువ్వు, 'ఆబ్' అంటే నీరు. 'గులాబ్' అనగా పూలనీరు, మన పన్నీరు. అంటే ఈ పదం మొదట పువ్వుది కాదు, పువ్వు నుండి దించిన పరిమళజలానిది. ఆ నీటి పేరు మన దేశంలో పువ్వుకెక్కింది. అంతటితో ఆగక రంగుకూ ఎక్కింది. గులాబీరంగు అంటే లేత ఎరుపని బడికి పోని పిల్లవాడికి కూడా తెలుసు. ఎర్రగులాబీ, పచ్చగులాబీ, తెల్లగులాబీ అని విశేషణం తగిలించి చెబుతాం కాని, గులాబీరంగు గులాబీ అని ఎవరూ అనరు. అవసరం లేదు కనుక. మన పూర్వులు గులాబీ అన్నప్పుడు వారి కళ్ళ ముందున్నది లేత ఎరుపు పువ్వు, ముక్కుపుటాలకు తగిలినది పన్నీటి వాసన. రంగూ వాసనా రెండూ పేరులోనే ఉన్నాయి. (సంస్కృతంలో పాటలవర్ణం ఉంది కదా అంటారేమో. తెలుపు కలిసిన ఎరుపును అమరసింహుడు పాటలమన్నాడు, నిజమే. కాని పాటలమన్న పేరుగల చెట్టు మన కలిగొట్టు. గులాబీతో దానికి చుట్టరికం లేదు. ఈ రెంటినీ కలిపేసే వ్యాఖ్యాతలతో నా తగవు వేరొక టపాకు.)

ఇక నా తప్పు సంగతి.

1994లో రాజమహేంద్రవరం శివారులో ఇల్లు కట్టుకున్నప్పుడు, మా అమ్మ పల్లె నుండి తడిగోనెలో చుట్టి నాలుగు గులాబీకొమ్మలు తెచ్చింది. రెండు బ్రతికాయి. మా పెరడు పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. అందులో నుయ్యి, బట్టల తీగ, ఒక కరివేపచెట్టు. మిగిలిన చోటంతా ఆ గులాబీ గుబురే. పువ్వు చిన్నది, ముద్దగా ఉండేది. తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదిరేసరికి రెక్కలు రాల్చేది. వంటింటి కిటికీ తీస్తే వాసన లోపలికి వచ్చేది. అమ్మ పూజకు అవే పూలు. రాలిన రెక్కలు కూడా పారవేసేది కాదు. జాడీలో పంచదారతో పొరలు పొరలుగా వేసి, ఎండలో పెట్టి గుల్కందు చేసేది.

2009లో మా అమ్మాయి పెళ్ళిచూపులకు వియ్యాలవారు వస్తున్నారనగా నాకా గుబురు నామోషీ అనిపించింది. ముళ్ళు, అడ్డదిడ్డమైన కొమ్మలు, మధ్యాహ్నానికి కింద చెత్త. పలుగు తీసుకొని నేనే పెకలించాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "రేపు దేవుడికేం పెడతావురా?" అని మాత్రం అంది. కోపంగా అన్నా బాగుండేది. ఆ చోట ఆరు అంటుగులాబీలు తెచ్చి పెట్టాను. అరచేయంత పూలు, పొడుగు కాడలు, కుంకుమ ఎరుపు, నారింజ, రెండు రంగుల రెక్కలు. చూసినవారంతా మెచ్చారు. వాసన చూడబోయినవారు తల ఎత్తి ఏమీ అనేవారు కాదు. అమ్మ ఆ పూలనే దేవుడికి పెట్టింది, కాని గుల్కందు మళ్ళీ చేయలేదు. 2013లో వెళ్ళిపోయింది.

ఆరింటిలో నాలుగు ఎండుతెగులుకు పోయాయి. కొమ్మ కొస నుండి నల్లబడుతూ దిగే రోగమది. ఐదవది నేను పదవీ విరమణ చేసిన 2019 వేసవిలో పైభాగమంతా ఎండిపోయింది. మొదట్లో మాత్రం పిలకలు వచ్చాయి. అంటుకు దిగువ నుండి వచ్చే పిలక అడవి గులాబీ అనీ, ఆకుకు ఐదు రెక్కలుంటే మంచిదనీ, ఏడుంటే నరికేయాలనీ మొక్కల ప్రియులలో ఒక సూత్రముంది. నేనూ దానిని వేదవాక్కుగా నమ్మాను. వచ్చిన పిలకనల్లా మూడేళ్ళు నరికాను. పీకేద్దామనుకుంటూనే మోడును ఉంచాను, బద్ధకం వలన. 2022 నవంబరు, డిసెంబరు నెలలు హైదరాబాదులో అమ్మాయి ఇంట ఉన్నాం. పొరుగింటి అబ్బాయి నీళ్ళు పోశాడు, కత్తెర మాత్రం పట్టలేదు. సంక్రాంతి ముందు తిరిగివచ్చి పెరటి తలుపు తీశాను. నడుమెత్తు గుబురు. తొమ్మిది పూలు. వంగి చూడనవసరం లేకపోయింది, వాసనే తలుపు దగ్గరకు వచ్చింది.

అది అమ్మ పెట్టిన మొక్క కాదు, సందేహం లేదు. కాని ఆ జాతే. ఆ అంటుమొక్కలు ఉత్తరాది నుండి తెప్పించినవని అమ్మినాయన తరువాత చెప్పాడు. ఉత్తరాది మైదానాలలో అంటుకు వేరుమొక్కగా ఎడ్వర్డు గులాబీని వాడటం మామూలే. తమిళులు పన్నీర్ రోజా అని పూలదండలలో వాడేదీ ఇదే. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి పూర్వం బూర్బన్ అని పేరు. అక్కడ 19వ శతాబ్ది తొలి రోజులలో, ఏడాది పొడుగునా పూసే చీనా గులాబీకీ వాసనకు పేరుపడ్డ డమాస్కస్ గులాబీకీ సంకరంగా పుట్టిన కుటుంబం దీనిది. నేను పనికిరాదని పీకినది, నేను మెచ్చి తెచ్చినదానిని పదేళ్ళు తన భుజాల మీద మోసింది. పైన కాపురం ఉన్నవాడి పేరే వీధిలో చెప్పుకున్నారు.

ఆ ఏడాకుల సూత్రం కూడా సగమే నిజం. పాత గులాబీలలో ఒకే కొమ్మకు ఐదు రెక్కల ఆకూ ఉంటుంది, ఏడు రెక్కల ఆకూ ఉంటుంది. అంటు గంటుకు పైనుండి వచ్చిందా, దిగువనుండి వచ్చిందా అన్నదే గుర్తు. దిగువనుండి వచ్చినా, పైమొక్క చచ్చిపోయి ఉంటే నరకకండి. ఒక్క పువ్వు చూసిన తరువాత తీర్పు చెప్పండి.

కొత్త గులాబీలు వాసన ఎందుకు పోగొట్టుకున్నాయన్నది శాస్త్రజ్ఞులు కూడా వెదికిన విషయమే. సంకరజాతులలో మొదటిదిగా చెప్పుకొనే 1867 నాటి 'లా ఫ్రాన్స్' లేత ఎరుపుదే, మంచి వాసన గలదే. కనుక దోషం సంకరానిది కాదు, ఎంపికది. కాడ పొడుగు, రంగు, పెట్టెలో ప్రయాణం, కూజాలో వారం రోజుల నిలువ, వీటి కోసం ఏరుతూ పోయారు. వాసనను అడిగినవాడు లేడు. 2015లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వాసనగల ఒక ఎర్రగులాబీనీ, వాసన లేని మరొక ఎర్రగులాబీనీ పోల్చి చూసి, పరిమళంలో ముఖ్యమైన జెరానియోల్ తయారీకి తోడ్పడే ఒక ఎంజైమును గుర్తించారు. వాసన లేనిదానిలో ఆ జన్యువు దాదాపు నిద్రపోతున్నది. ఇది చదివినప్పుడు నాకు వ్యాకరణం నేర్చి పద్యం చదవని విద్యార్థులు గుర్తొచ్చారు. పోనివ్వండి.

న్యాయంగా అవతలి పక్షమూ చెప్పాలి. పెళ్ళిపందిరికి, దూరప్రయాణానికి నా గులాబీ పనికిరాదు. పొద్దున కోసినది సాయంత్రానికి రెక్కలు రాలుస్తుంది. అమ్ముకొని బ్రతికే రైతును నేను తప్పుపట్టను. కాని మన పెరట్లో పువ్వు ఎక్కడికి ప్రయాణం చేయాలి? పెరటి నుండి దేవుడి గూటి దాకా. ఆ పది అడుగులకు వారం నిలువ ఎందుకు?

పెంచడం కష్టం కాదు. వర్షాలు సద్దుమణిగాక పెన్సిలు లావు కొమ్మను జానెడు పొడవున కోసి, మూడు వంతుల్లో రెండు వంతులు మట్టిలో దిగేలా పాతి, పైకొసకు పేడముద్ద పెట్టాలి. నీడలో ఉంచి తడి ఆరనివ్వకూడదు. అలాగని నీరు నిలువనివ్వకూడదు. వేరు పట్టాక రోజుకు ఐదారు గంటల ఎండ తగిలేచోట నాటాలి. ఈ ఒక్క నియమంలో బేరం లేదు. నీడలో గులాబీ ఆకులతో బ్రతుకుతుంది, పూయదు. గోదావరి ఒండ్రు మా భాగ్యం. బంకమట్టివారు ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపండి. నెలకొక గుప్పెడు వేపపిండి చాలు. అక్టోబరులో ఎండుపుల్లలు, సన్నకొమ్మలు తీసి మిగిలినవి మూడోవంతు తగ్గిస్తే నెలన్నరకు మొగ్గ తొడుగుతుంది. అంటుగులాబీలను కత్తిరించినట్లు మోకాటి దాకా నరకకండి. పొలుసుపురుగు పట్టిన కొమ్మను స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది. వానాకాలంలో ఆకులకు నల్లమచ్చ వస్తుంది, రాలిన ఆకులు ఏరి తగులబెట్టాలి. పూలు మాత్రం ఎండ ఎక్కకముందే కోయాలి. ఎండకు ఎగిరిపోయే నూనెలే పరిమళం. అత్తరు దించేవారు కూడా తెల్లవారుజామునే కోస్తారు. డమాస్కస్ గులాబీలు 3 నుంచి 4 టన్నులు కోస్తే కిలో నూనె వస్తుందంటారు. ఎండలో కోస్తే ఎంత పోతుందో ఊహించండి.

ఇప్పుడు మా ఇంట్లో వివాదం మరొకటి. అబ్బాయి కారు కొన్నాడు. వీధిలో నిలిపితే గీతలు పడుతున్నాయట. పెరటి గోడ కొట్టి, నేల మీద పలకలు పరిస్తే కారు లోపలికి వస్తుందని వాడి వాదం. వాడి మాటలో అన్యాయం లేదు. 2009లో నేను చెప్పిన కారణం కంటె వాడిది బలమైనదే. వాళ్ళమ్మ ఇద్దరి మాటా విని, నిరుడు కార్తీకంలో మొదటిసారిగా పాత జాడీ కడిగి ఎండబెట్టింది.

నేను మాత్రం కొమ్మలు పాతుతున్నాను. ఎనిమిది కుండీలలో ఆరు చిగురించాయి. రెండు పొరుగింటి అబ్బాయికి మాట ఇచ్చాను, వాడి కత్తెర పట్టని గుణానికి. ఒకటి మా అమ్మాయి మేడ మీదికి. మిగిలిన మూడు రాజమహేంద్రవరం వైపు వచ్చే బ్లాగుమిత్రులకు. తెల్లవారి ఆరు లోపల వస్తే పూలు కూడా చూడవచ్చు. కారు సంగతి ఇంకా తేలలేదు.