తేడాకును ఒక లెక్క

గోదావరిఖని భూగర్భ గనులలో గాలి పరిమాణమును నేరుగా కొలువరు, లెక్కగట్టుదురు. గ్యాలరీ వెడల్పును, ఎత్తును, ఎనిమోమీటరు చూపిన గాలి వేగమును గుణింతురు. వెడల్పు 4.2 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, వేగము నిమిషమునకు 60 మీటర్లు అనుకొందము. ఫలితము 756 ఘనపు మీటర్లు. బొగ్గు గనుల నిబంధనల ప్రకారము మనిషికి నిమిషమునకు కనీసము 6 ఘనపు మీటర్లుండవలెను (ఉత్పత్తి టన్నులను బట్టి మరొక లెక్కయు కలదు, రెంటిలో పెద్దదే వర్తించును). షిఫ్టులో 125 మందికి 750 కావలెను. 756 ఉన్నది గదా, చాలినట్లేనా?

బొగ్గు గోడ గీత గీచినట్లుండదు. వెడల్పులో 2, ఎత్తులో 3, వేగములో 5 శాతము చొప్పున తేడా రాగలదనుకొన్నచో, ఒకదానితో ఒకటి సంబంధము లేని ఈ తేడాలను ఊరక కూడరాదు; వాని వర్గములను కూడి వర్గమూలము తీయవలెను. వచ్చునది సుమారు 6.2 శాతము, అనగా 47 ఘనపు మీటర్లు. నిజమైన గాలి 709 కూడ కావచ్చును. అది 118 మందికే సరిపోవును. టేపును ఎంత నిశితముగ పట్టినను, వేగము దగ్గర అశ్రద్ధ చేసినచో ఫలమంతగా ఉండదు.

మన ప్రయోగశాల రికార్డులలో గురుత్వ త్వరణము 9.8 అని రాగానే కలము ఆగుచున్నది. పుస్తకములోని విలువ వచ్చినదని మార్కులిచ్చుట నాకు సమ్మతము కాదు. తేడా హద్దు వ్రాయనిచోట మార్కు తగ్గింపవలెనని కమిటీ వారికి నా మనవి. రేపు గని రిజిస్టరులో ఆ 756ను వ్రాయువారిలో మన విద్యార్థులును ఉందురు.