తోకచుక్కను పట్టిన విద్యార్థి

ఆకసమున తోకచుక్క పొడసూపిన రాజునకు కీడనియు, పంటలకు చేటనియు మన పూర్వులు భయపడుచుండిరి. ఆ భయము దాదాపుగా తొలగినది. కాని దాని స్థానమున నేడొక భ్రమ నెలకొన్నది. క్రొత్త తోకచుక్కను కనుగొనుట కేవలము అదృష్టమనియు, ఎవని నొసట వ్రాసియున్నదో వాని కంటనే అది పడుననియు చదువుకొన్నవారు సైతము అనుచుందురు. ఇది హానిలేని మాటగా తోచును గాని, కాదు. అదృష్టమే కారణమని నమ్మినవారికి విద్యార్థి చేతికి పరికరము నీయవలసిన పని యుండదు. వానికి తీరికయు, గురువును, ఓర్పుతోకూడిన పోషణయు సమకూర్చవలసిన బాధ్యతయు నుండదు. విద్యార్థిగా నుండగనే తోకచుక్కను కనుగొనిన ఖగోళశాస్త్రజ్ఞుడు వైను బప్పు చదువు సాగిన తీరును పరిశీలించినచో ఈ భ్రమ నిలువజాలదు.

1927లో మద్రాసున జన్మించిన బప్పు పెరిగినది హైదరాబాదున. తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పగా, ఆయన అనంతరము నిజాము ప్రభుత్వము చేపట్టిన ఆ వేధశాల, నానాదేశముల వేధశాలలు పాలుపంచుకొన్న నక్షత్రపట నిర్మాణమున తన వంతుగా ఖగోళ విషువద్రేఖకు దక్షిణమున 17 మొదలు 23 అంశలవరకు గల పట్టీని స్వీకరించి, అందలి తారల స్థానములను గాజుపలకలపై ఒక్కొక్కటిగా కొలిచి, సంపుటములుగా ప్రకటించెను. అట్టి పనివలన ఎవనికిని రాత్రికి రాత్రి కీర్తి రాదు. కొలిచినవాని పేరు పత్రికల కెక్కదు. కాని అట్టి పని జరుగుచోట పెరిగిన బాలునికి ఆకసము కథలలోని వింతగాక, కొలతకు లొంగు వస్తువుగా పరిచయమగును.

నిజాం కళాశాలలో భౌతికశాస్త్రము చదువుచుండగనే బప్పు చలకాంతి తారలను పరిశీలించి, 1946 నాటికే వానిపై వ్యాసములు ప్రకటించెను. ఆ పరిశీలన ఎట్టిదో తెలిసికొనుట మేలు. వెలుగు హెచ్చుచు తగ్గుచునుండు తారకు దాపున, కాంతి ముందే నిర్ణయింపబడిన రెండు తారల నెన్నుకొనవలెను. ఒకదానికన్న ఇది ఎంత మసక, రెండవదానికన్న ఎంత ప్రకాశవంతము అన్నది కంటితోనే అంచనా వేసి, కాలము గుర్తించి, పుస్తకమున వ్రాసికొనవలెను. ఎఱ్ఱని తారను తదేకముగా చూచినకొలది అది ఉన్నదానికన్న మిక్కిలి ప్రకాశించుచున్నట్లు తోచును. వెన్నెల రాత్రి లెక్క వేఱు, మంచు పట్టిన రాత్రి లెక్క వేఱు. నెలల తరబడి ఇట్లు చేసినవానికి రెండు విద్యలు పట్టుబడును: ఆకసమున ఏది ఎచ్చట నుండవలెనో ఎఱుగుట, తన కంటిని తానే శంకించుట. ప్రయోగశాస్త్రమునకు ఇవియే ఓనమాలు.

హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముతో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్ళిన కొలది మాసములకే, 1949 జులై 2వ తేదీ రాత్రి, సాధారణ ఆకాశచిత్రణలో భాగముగా తీసిన పలకపై ఆయనకు తోకచుక్క దొరకెను. ఆనాటి ఛాయాచిత్ర ఫలకము వెలుగుచీకట్లు తారుమారైన గాజుబిళ్ళ. తెల్లని నేలపై వేలకొలది నల్లని చుక్కలే తారలు. వాని నడుమ ధూళికణములు, రసాయనపు మరకలు, దూరపు గెలాక్సీలు, గ్రహశకలములు గీచిపోయిన సన్నని గీతలు కూడ నుండును. తోకచుక్క అందులో తోకతోనే కనబడునన్న నియమము లేదు. పెక్కుసార్లు అంచులు కరగిన మసక మచ్చగా వచ్చును. భూతద్దము క్రింద దానిని చూచి, ఇది మరక కాదు, గెలాక్సీ కాదు, పూర్వ మిచ్చట లేనిది అని చెప్పగల చూపు ఆయనకు బేగంపేట రాత్రులు పెట్టిన భిక్షయని నా నమ్మకము.

ఆ తోకచుక్కకు బప్పు–బాక్–న్యూకర్క్ అను పేరు నిలిచెను. బార్ట్ బాక్ అప్పటికే పేరెన్నికగన్న ఆచార్యుడు. అయినను ఇరువదిరెండేండ్లు నిండని పరదేశ విద్యార్థి పేరు మొదట, ఆచార్యుని పేరు దాని వెనుక. పసిఫిక్ ఖగోళ సంఘము ఆ యువకుని డోన్హో పతకముతో గౌరవించెను. శిష్యుని శ్రమఫలమును శిష్యునిపేరనే లోకమునకు చూపు సంప్రదాయము పరికరమెంత విలువైనదో అంత విలువైనది.

మరుసటి యేడు, అదే హార్వర్డున పనిచేయుచుండిన ఫ్రెడ్ విప్పల్, తోకచుక్క కేంద్రము ధూళి కలసిన మంచుగడ్డయని ప్రతిపాదించెను. నాటినుండి ఈ అధ్యయనము దూరదర్శనికడనే ఆగక ప్రయోగశాలకు విస్తరించినది. నేడు ఇందు అడుగిడు యువకుడు గాని యువతి గాని, గాలి నంతయు తోడివేసిన ఉక్కుపాత్రలో, సున్నకు 260 డిగ్రీల దిగువన చల్లబఱచిన పలకపై నీటియావిరిని పలుచని మంచుపొరగా పేర్చి, అందు ఇతర వాయువులు కలిపి, అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేసి, ఏ క్రొత్త అణువులు పుట్టినవో పరారుణ వర్ణపటమున చదువవలెను. పాత్రకు కంటికానని సందొక్కటి యున్నను గాలిలోని తేమ చొచ్చి ప్రయోగమును చెఱచును. ఆ సందును వెదకుటకే దినములు గడచును. అంతరిక్షనౌకపై పంపు పరికరమైనచో నిరీక్షణ మరింత దీర్ఘము. 2004 మార్చిలో బయలుదేరిన రొసెట్టా నౌక చూర్యుమొవ్–గెరాసిమెంకో తోకచుక్కను చేరునప్పటికి 2014 ఆగస్టు వచ్చినది. ఆ తోకచుక్క నీటిలో భారహైడ్రొజను పాలు మన సముద్రజలమునందుకన్న సుమారు మూడురెట్లని తేలి, భూమిపై నీరంతయు ఇట్టి తోకచుక్కలే తెచ్చినవను వాదమునకు గట్టి దెబ్బ తగిలినది; గ్లైసిన్ అను అమైనో ఆమ్లము దాని చుట్టునున్న వాయువులలో కనబడినది. ఈ యేడు ఎన్ని పత్రములు ప్రకటించితివని విద్యార్థిని నిలదీయుటయే పరమావధియైనచోట ఇట్టి ఫలితముల నాశింపరాదు.

బప్పు 1952లో డాక్టరేటు పొంది, పాలొమార్ వేధశాలలో పరిశోధించి, కాల్షియము వర్ణరేఖ వెడల్పునుబట్టి తార నిజకాంతిని నిర్ణయించు సూత్రమును ఒలిన్ విల్సన్‌తో కలసి 1957లో ప్రకటించెను. స్వదేశమునకు మరలివచ్చి, 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యత వహించి, జవాది కొండలలోని కావలూరున చీకటి ఆకసమును వెదకిపట్టి, అచ్చట క్రొత్త వేధశాల నెలకొల్పెను. 2.34 మీటర్ల దూరదర్శనిని మన దేశముననే నిర్మింప సంకల్పించి, అది పూర్తికాకమున్నే 1982లో కన్నుమూసెను. 1986లో దానికి ఆయన పేరే పెట్టిరి. కావలూరులోని మరియొక దూరదర్శనితో 1988లో కనుగొనిన గ్రహశకలము నేడు రామానుజన్ పేర వ్యవహరింపబడుచున్నది. తాను బాలుడుగా అనుభవించిన సౌకర్యమును తరువాతి తరమునకు పెద్దయెత్తున సమకూర్చుటయే ఆయన చేసిన గొప్ప పనియని నే ననుకొందును.

మన తెలుగునేలపై భౌతికశాస్త్రము చదువు పెక్కుమంది ప్రయోగమనగా రికార్డు పుస్తకము నింపుటయే యని ఎఱుగుదురు. పాత బ్యాచివారి రీడింగులే క్రొత్త బ్యాచివారి రీడింగు లగుచున్నవి. 1968లోనే రంగాపూరున 48 అంగుళముల దూరదర్శని నిలిపి, 1980 సంపూర్ణ సూర్యగ్రహణము నచ్చటనే పరిశీలించిన చరిత్ర ఉస్మానియాకు కలదు. అట్టి వారసత్వము గల మనము, ప్రతి విశ్వవిద్యాలయమునకు చిన్నదైనను పనిచేయు దూరదర్శనియు, దానిని బాగుచేయగల పనివాడును, విద్యార్థులు మేల్కొని గడపుటకు అనుమతించు రాత్రులును కావలెనని అడుగుట అత్యాశ కాదు. ప్రభుత్వము ఇచ్చినప్పుడే అవి వచ్చును. ఈ లోపల అధ్యాపకులకు నా విన్నపమొక్కటి: విద్యార్థి తెచ్చిన రీడింగు పుస్తకములోని విలువతో కలియకున్నను, అది వాడు స్వయముగా కొలిచినదైనచో మార్కులు తగ్గింపకుడు, ఎందుకు కలియలేదో వానిచేతనే వెదకింపుడు, అందులకు మరియొక వారము గడువొసగుడు.